వెంకటరాయప్ప వంతు

తూర్పు తెల్లబడకముందే పిళ్ళప్ప చెరువుకట్ట మీద మట్టి తొక్కుతున్నాడు. మధ్యమధ్య అతను దిగి గంప ఎత్తిస్తే, భార్య మునివెంకటమ్మ కట్ట కింది గుంటలోంచి మట్టి తెచ్చి పోస్తోంది. అతను నీళ్ళు చిలకరించి మడమతో అదుముతున్నాడు. మీసం రాకముందు నుంచీ చేస్తున్న పని కనుక కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. ఊపిరి మాత్రం ఈ ఏడు చెప్పినమాట వినడం లేదు. కాసేపు తొక్కడం, నడుముమీద చేయి పెట్టుకొని నిలబడడం, నీళ్ళల్లో ఏదో ఉన్నట్టు అటు తిరిగి చూడడం. నీళ్ళల్లో ఏమీ లేదని మునివెంకటమ్మకు తెలుసు.

"ఇంక సాలు. తెల్లారతాండాది. ఎవురన్నా సూస్తారు," అంది.

"ఈ నెర్రె ఒకటి మూసేసి పోదాం."

"నెర్రె ఆయప్పది, కాళ్ళు నీవి. బలే ఉండాది సంబడం!"

పిళ్ళప్ప నెర్రెలో ఇంకాసిని నీళ్ళు చిలకరించాడు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు మరి.

పిళ్ళప్ప ఆ ఊరికి నీరుగంటి. చెరువు తూము తెరిచేదీ మూసేదీ, కాలవ వెంట నడిచి ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేదీ అతనే. అతని నాయనా అదే పని చేసి పోయాడు. ఊరి మళ్ళన్నిటికీ నీళ్ళు పెట్టే మనిషికి సొంతానికి గుంటెడు మడి కూడా లేదు. కోతలైనాక ఒక్కో కళ్ళం దగ్గరా నిలబడితే, రైతు తనకు తోచినన్ని గింజలు గోనెలో పోస్తాడు. ఆ గింజలతో ఏడాది గడవాలి. మనిషి సన్నగా, నల్లగా, ఎండిన కంది కట్టెలాగ ఉంటాడు. బురదనీళ్ళల్లో నాని నాని కాలివేళ్ళ సందులు తెల్లగా పాచిపోయాయి. మాట తక్కువ. మడి దగ్గర ఇద్దరు రైతులు కొట్టుకోబోతే మధ్యలో పోయి నిలబడతాడేగాని నోరు విప్పడు.

పాతపాళ్య పక్కనున్న ఆ ఊళ్ళో చెరువుకట్ట అందరిదీ. అయినా తాతల కాలంనుంచి దాన్ని వంతులు వేసుకున్నారు. చెరువు కింద ఎవరికి ఎంత మడి ఉంటే, కట్టమీద వాళ్ళకు అంత పొడుగు. హద్దులకు నిలువురాళ్ళు పాతారు. వానలు పడకముందే ఎవరి వంతులో వాళ్ళు ఎలుక బొరియలు, నెర్రెలు పూడ్చి, మట్టి వేసి గట్టి చేసుకోవాలి. మొగుడు పోయిన పుట్టమ్మకు ఉన్నది చిన్న మడిచెక్క. ఆమె వంతు ఒక మంచం పరిచినంత. పెద్దరైతు వెంకటరాయప్ప వంతు తూము దగ్గర మొదలై కట్ట మలుపు దాకా పోతుంది.

ఆ వంతులోకి రెండేళ్ళుగా వెంకటరాయప్ప మనుషులు రాలేదు. మొదటి ఏడు ఆయన పెద్దకొడుకు విషజ్వరంతో పోయాడు. శవం లేచిన ఇంటికి పోయి 'కట్టకు మనుషుల్ని పంపండప్పా' అని అడగడానికి పిళ్ళప్పకు నోరు రాలేదు. వానలేమో ఆగవు. మొగుడూ పెళ్ళాం పొద్దున్నే ఎవరూ లేవకముందు పోయి ఆ పని చేశారు. మరుసటేడు ఒకసారి అడిగాడు. "సూద్దాంలే," అన్నాడు వెంకటరాయప్ప. పిళ్ళప్ప మళ్ళీ అడగలేదు, మళ్ళీ తానే తొక్కాడు. ఇప్పుడు మూడో ఏడు.

ఎందుకంటే ఒక కారణం ఉంది. పడుచుతనంలో మునివెంకటమ్మకు కాన్పు అడ్డం తిరిగింది. ఊరి బయట తమ పేటలో మంత్రసాని చేతులెత్తేసింది. అప్పుడు వెంకటరాయప్ప తన సొంత బండి కట్టించి, ఆమెను అందులో పడుకోబెట్టించి బాగేపల్లి ఆసుపత్రికి తోలించాడు. పిళ్ళప్ప కులంవాళ్ళు ఆ బండి చక్రాన్ని ముట్టుకోవడానికే భయపడే రోజులవి. బిడ్డ దక్కలేదు, మునివెంకటమ్మ దక్కింది. బండి తిరిగొచ్చాక దానిమీద పసుపునీళ్ళు చల్లించారని కూడా తర్వాత తెలిసింది. పిళ్ళప్ప దానికి నొచ్చుకోలేదు. చల్లుకుంటే చల్లుకున్నారు, బండి పంపారు కదా అనుకున్నాడు. మునివెంకటమ్మ మాత్రం ఆ పసుపునీళ్ళ మాట మరిచిపోలేదు.

నెర్రె పూడ్చి, తొక్కి, పైన పాతమట్టి చల్లి కొత్తపని కనబడకుండా చేశారు. పొద్దు పొడిచింది. పిళ్ళప్ప తూము దగ్గరికి దిగి, నీళ్ళు కారుతున్నచోట గడ్డీ బురదా కలిపి కుక్కాడు. కాలవ చివరిదాకా నడిచి వచ్చాడు. ఇంటికొచ్చి రాగి అంబలి తాగుతుంటే చావడి దగ్గరికి రమ్మని పిలుపొచ్చింది. కట్ట సంగతి మాట్లాడాలని వెంకటరాయప్పే పటేలుతో చెప్పి ఊరిని పిలిపించాడట.

చావడి అరుగుమీద పటేలు ఆంజనేయప్ప, వెంకటరాయప్ప, ఇంకా కొందరు రైతులు కూర్చున్నారు. పుట్టమ్మ స్తంభానికి ఆనుకొని కుంటికాలు చాపుకుంది. పిళ్ళప్ప ఎప్పటిలాగే మెట్ల కింద ఎండలో నిలబడ్డాడు. మునివెంకటమ్మ ఇంకా వెనక.

వెంకటరాయప్ప బక్కచిక్కాడు. కొడుకు పోయినప్పటినుంచి గడ్డం సరిగా చేయించుకోవడం లేదు. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఎక్కువుండేటోడు ఎక్కువియ్యాల అంటారు. సరే. ఈ యుద్ధం వచ్చినప్పటినుంచి సర్కారోళ్ళు అదే మాట చెప్పి, లెవీ అని నా గాదె కాడికొచ్చి వడ్లు కొలుచుకొని పోతాండారు. చిన్న రైతు గడప తొక్కేదే లేదు. ఈడ మీరూ అదే మాట. నేనేమన్నా దొంగిలించి సంపాదిస్తినా? మా నాయన రాళ్ళేరి చేసిన మళ్ళప్పా అవి. కూలోళ్ళు చూస్తే బెంగళూరికి ఎగబడి పోతాండారు, ఉండేటోళ్ళు అడిగిందే కూలి. కట్ట తెగితే నా ఒక్కనిల్లే మునుగుతాదా? అందరికీ కావాల్సిన కట్ట అందరూ సమంగా చెయ్యాల. ఇంటికో మనిషి. న్యాయం అంటే అది."

ఆయన మాటలో అబద్ధం లేదు. ఆయన నాయన రాళ్ళేరుతుండగా పిళ్ళప్ప కళ్ళారా చూశాడు. అరుగుమీద కొందరు తల ఊపారు కూడా.

పుట్టమ్మ ఊరుకోలేదు. "ఆ మళ్ళన్నిటికీ నీళ్ళు పారేది ఈ చెరువులోనుంచే గదప్పా? నా మడి గోచిపాతంత ఉండాది. మీ ఇంటినుంచి ఒక మనిషి, నా ఇంటినుంచీ ఒక మనిషా? మా ఇంట్లో మనిషి యాడుండాడు? నేనే ఉండాను, ఈ కాలేసుకొని. రాలేకపోతే మడి ఇడిసిపెట్టి పోవాల్నా?"

"అట్ల ఎవురన్నారమ్మా," అన్నాడు పటేలు, ఆమెవైపు చూడకుండా.

"ఇంకొక మాట ఇనండి," అని వెంకటరాయప్ప లేచి నిలబడ్డాడు. "రెండేండ్లాయె, నా వంతులో నేను పిడికెడు మట్టి ఎయ్యలే. దాచేదేముంది, నేనే చెప్తాండాను. పోయి చూడండి. ఊరందరి వంతులకన్నా అదే గట్టిగా ఉండాది. అంతమంది మనుషుల్ని పెట్టి ఏటేటా నేను చేయించిందంతా దండగని తేలిపోలేదా?"

అరుగుమీద గుసగుసలు లేచాయి. నిజమే కదా అన్నారొకరు. మొన్న తానే చూశానన్నాడు ఇంకొకడు. ఇంతసేపూ ఎటూ చెప్పని రైతులు కూడా అటువైపు ఒరిగారు. పటేలు గొంతు సవరించుకున్నాడు. ఇక ఇంటికో మనిషి అనడమే మిగిలింది.

పిళ్ళప్పకు సంగతి అర్థమైంది. ఎవరికీ తెలియకుండా ఒక మనిషి రుణం తీర్చుకుంటున్నాననుకున్నాడు. ఆ పనే ఇవాళ సాక్ష్యమై కూర్చుంది. పుట్టమ్మ నోట్లో మట్టి కొట్టింది వెంకటరాయప్ప కాదు, తానే. నోరు విప్పితే మేలు చేసినవాణ్ణి నలుగురిలో తలదించుకునేట్టు చేయాలి, విప్పకపోతే ఈ ఆడమనిషి మడి పోతుంది. వెనక్కి తిరిగి చూశాడు. మునివెంకటమ్మ అతని వైపే చూస్తోంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"నేనేసినానప్పా," అన్నాడు.

మొదట ఎవరికీ వినబడలేదు. పటేలు, "ఏందిరా?" అన్నాడు.

"వెంకటరాయప్ప వంతుకి మట్టేసింది నేను. నేనూ మా ఆడమనిసీ. రెండేండ్లూ మేమే. ఈ పొద్దు కూడా ఏసొచ్చినాము. ఎయ్యకుంటే ఆడనే తెగుండేది."

అరుగుమీద తలలన్నీ మెట్లవైపు తిరిగాయి. వెంకటరాయప్ప మెట్ల దాకా వచ్చాడు.

"ఎవురు ఎయ్యమన్నారు నిన్ను?"

"ఎవురూ అన్లేదు."

"మరేమిటికి ఏస్తివి?"

పిళ్ళప్ప కాళ్ళవైపు చూసుకున్నాడు. "ఆ పొద్దు మీరు బండి పంపితిరి గదప్పా," అన్నాడు.

వెంకటరాయప్ప ముఖం నల్లబడింది. కోపమే అనుకున్నారు చూసినవాళ్ళు. పిళ్ళప్పకు మాత్రం అది కోపంగా కనిపించలేదు. కొడుకును కాల్చి వచ్చిన రోజున చూసిన ముఖం అదే.

"అయితే నా బండికి బాడిగ కట్టినావా నువ్వు? నేను పోనీలే అని పంపితే, నాకే బాడిగ కట్టినావా?"

జవాబు కోసం ఆగకుండా కండువా దులుపుకొని మెట్లు దిగాడు. దిగుతూ పటేలుతో, "పాతకాలం లెక్కనే కానీండి. మనుషుల్ని పంపిస్తా," అన్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండా ఇంకోమాట అన్నాడు. "ఈ యేడు నీరుగంటి నా కళ్ళం కాడికి రావద్దు."

మడి ఎంతో కట్ట అంతే అని పటేలు గట్టిగా చెప్పాడు. జనం లేచి పోయారు. పుట్టమ్మ కుంటుతూ వచ్చి పిళ్ళప్ప ముందర నిలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఊళ్ళో పెద్ద కళ్ళం అదే. అది లేకపోతే ఆ ఇంట్లో సగం ఏడాది పొయ్యి వెలగదని ఆమెకూ తెలుసు.

మధ్యాహ్నానికి నంది కొండ దిక్కున మబ్బు పట్టింది. పిళ్ళప్ప గుడిసెలో కాసేపు పడుకొని లేచాడు. గోడకు బోర్లించిన వెదురుగంప, పార తీసుకున్నాడు.

"యాడికి?" అంది మునివెంకటమ్మ.

"మలుపు కాడ బొరియ ఒకటి ఉండాది. పొద్దున చూసుకోలేదు."

"ఆయప్ప మనుషులొస్తారు గదా!"

"వాన ఈ పొద్దే వచ్చేట్టుండాది."

మునివెంకటమ్మకు ఒళ్ళు మండిపోయింది. "కూటిగింజలు లేకుండా చేసినోని వంతుకు మళ్ళా పోతావా? సిగ్గుండాదా నీకు? పో. నేను రాను. నువ్వే మోసుకో, నువ్వే ఎత్తుకో!"

పిళ్ళప్ప గంప చంకన పెట్టుకున్నాడు. వంగి గడప దాటాడు. తడిమట్టి నిండిన గంపను ఎంత బలమైనవాడైనా ఒంటరిగా తలమీదికి ఎత్తుకోలేడు. ఎదురుగా ఒకరు నిలబడి అంచు పట్టాలి. ఇన్నాళ్ళూ ఆమెకు అతను, అతనికి ఆమె ఆ చెయ్యి పట్టేవారు. పోతున్న మనిషి వీపు చూస్తూ ఆమె చేతులు ముడుచుకొని కూర్చుంది.

కోపం ఎంతసేపుంటుంది? పొద్దు వాలకముందే అది కరిగి, దాని చోట బెంగ పట్టుకుంది. సంగటి కెలికి, మూతపెట్టి, కట్టవైపు బయలుదేరింది. రెండు చినుకులు రాలి మబ్బు అటే పోయింది. దూరంనుంచే కనబడ్డాడు. మలుపు కింద, మట్టి తవ్విన గుంట పక్కనున్న నిలువురాయికి ఆనుకొని కూర్చున్నాడు, కాళ్ళు చాపుకొని. పక్కన గంప నిండుగా ఉంది. ఎవరైనా దారిన పోయేవాళ్ళు వస్తే ఒక చెయ్యి పట్టమని అడుగుదామని చూస్తున్నట్టే ఉంది.

"లెయ్యి, నేనొచ్చినాను. పట్టు," అంది ఆమె.

పిళ్ళప్ప లేవలేదు. గంప అంచు పట్టుకున్న చేతులతోనే మునివెంకటమ్మ అక్కడ కూలబడింది. నేను రాను అన్నానే, ఆ మాట నా నోట ఎందుకొచ్చిందమ్మా అని ఆమె ఏడ్చిన ఏడుపు మళ్ళల్లో ఉన్నవాళ్ళకు వినబడింది.

మరునాడు పిళ్ళప్పను మట్టి చేశారు. ఆ మర్నాడు వెంకటరాయప్ప మనుషులు కట్టమీదికి వచ్చారు. వంతుకు కావలసినదానికంటే ఎక్కువమందే వచ్చారు. వెనకనే వెంకటరాయప్ప కూడా వచ్చాడు. ఆయన కట్టపనికి స్వయంగా రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మలుపు దగ్గరికొచ్చి, నిండు గంపను చూసి నిలబడిపోయాడు. ఇదెవరిదని అడగలేదు.

భుజంమీది కండువా తీసి, చుట్టగా చుట్టి తలమీద పెట్టుకున్నాడు. వంగి గంప పట్టుకున్నాడు. అది మోకాళ్ళ దాకా లేచింది, ఆ పైకి రాలేదు.

"ఒక చెయ్యి పట్టండప్పా," అన్నాడు.

పనివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ గంప ఎవరిదో, ఏ పేటదో వాళ్ళకు తెలుసు. పైగా ఎవరి ఇంటి కూడు తింటున్నారో ఆయన నెత్తిమీదే మట్టి ఎత్తాలి. ఎవరికీ చెయ్యి ముందుకు రాలేదు. వెంకటరాయప్ప ఇంకోసారి అడగలేదు. గంపను మెల్లగా దించి, కండువా విప్పి ముఖం తుడుచుకొని, రాయి పక్కన చాలాసేపు నిలబడ్డాడు.

బొరియ పూడ్చారు, మలుపు దాకా మట్టి వేసి తొక్కారు. సాయంత్రం పారలు కడుక్కొని అందరూ ఇళ్ళకు పోయారు. నిండు గంప మాత్రం రాయి పక్కనే ఉంది.