గీతల డబ్బాలు

వేటపాలెంలో రైల్వే గేటు దాటాక ఉన్న జీడిపప్పు యూనిట్లో గింజలు కొట్టే ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటారు. జుట్టు గుడ్డలో కట్టుకుని, చీర పైన మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుంటారు. ఆ తర్వాత బల్లల ముందు కూర్చుని, చేతివేళ్ళ మీది గీతలు తీసి డబ్బాల్లో పెట్టుకుంటారు.

జీడిగింజ తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. కాలిన చర్మం మళ్ళీ వస్తుంది గాని గీతలు రావు. అందుకని వేలి అంచున గోటితో కొంచెం లేపి, ఉల్లిపొర తీసినట్టు మెల్లగా లాగాలి. గీతలు చుట్టలు చుట్టలుగా ఊడి వస్తాయి. ఖాళీ బామ్ డబ్బాలో కొబ్బరినూనె చుక్క వేసి అందులో పెట్టుకుంటారు. సాయంత్రం సబ్బుతో చేతులు కడుక్కుని, తడారాక ఎవరివి వాళ్ళు అతికించుకుని ఇంటికి పోతారు. కొత్తగా చేరినవాళ్ళకి ఇది పట్టుబడటానికి ఒక పూట పడుతుంది.

ఎవరి గీతలు ఎవరికైనా అతుక్కుంటాయి. ఒకప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. డబ్బాలన్నీ కిటికీ గట్టు మీద వరసగా ఉండేవి. మేస్త్రి సుబ్బరావమ్మ పొద్దున్నే పేర్లు పిలిస్తే పలికేవాళ్ళు, అదే హాజరు.

యజమాని మేనల్లుడు శ్రీకృష్ణ యూనిట్ చూసుకోవటం మొదలుపెట్టాక అతనికి అది నచ్చలేదు. ఒకరి పేరు మీద ఇంకొకరు వస్తున్నారని అతని అనుమానం. ఎవరు, ఎప్పుడు అంటే చెప్పలేడు. గుమ్మం పక్కన బల్ల వేయించి, కంప్యూటరు పెట్టించి, దానికి అగ్గిపెట్టెంత అద్దం తగిలించాడు. కుడి బొటనవేలు అద్దం మీద ఆనిస్తే కంప్యూటరు ఆడగొంతుతో "నమస్కారం" అని పేరు చెబుతుంది. హాజరు పడ్డాక గీతలు తీసి పనికి కూర్చోవాలి. గీతలు అరువిచ్చినా, తీసుకున్నా పేరు కొట్టేస్తానన్నాడు.

దాన్ని బిగించటానికి చీరాల నుంచి గౌస్ బాషా వచ్చిన రోజు ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు.

"ఇందులో మాట్లాడేది ఎవరు బాబూ?" అంది సుబ్బరావమ్మ.

"అది హాజరు ప్రోగ్రామండీ. అప్లికేషన్ అంటాం. పేరు చెప్పటం, హాజరు వేసుకోవటం, అంతే దాని పని. తూకాలు వేసుకునేది వేరే ఉంది. శ్రీకృష్ణ గారు పాటలు వినేది ఇంకోటి. ఎవరి పని వాళ్ళది."

"మరి వేలు చూసేది?"

"అది వేరే. కింద సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అని ఉంటుంది. స్విచ్ వేయగానే అందరికంటే ముందు లేచేది అదే. ఈ అద్దాన్నీ, ఆ మాట వచ్చే డబ్బానీ, లోపల దాచిపెట్టుకున్నవాటినీ ముట్టుకునేది కూడా అదే. పైవాటికి ఏం కావాలన్నా దాన్నే అడగాలి." గౌస్ బాషా షెడ్డంతా ఒకసారి చూశాడు. "మీరే ఉన్నారు కదా మేస్త్రి గారూ. మీరు గింజ కొట్టరు, పొట్టు తీయరు. కానీ తాళం తీసేది మీరు. బాయిలర్ దగ్గరికి పోయి ఉడికిన గింజ తెచ్చి పంచేది మీరు. ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అని చెప్పేదీ మీరే. కొట్టేవాళ్ళు బాయిలర్ మొహం చూడరు. అదీ అట్టాగే."

"అయితే మేస్త్రమ్మకి జ్వరం వస్తే మేం రోడ్డు మీద నిలబడ్డట్టు, దానికి జ్వరం వస్తే పైవన్నీ నిలబడిపోతాయన్నమాట," అంది లక్ష్మీదుర్గ. ఆమె నోరు ఊరుకోదు.

"అంతేనమ్మా."

ప్రేమమ్మ ఎప్పుడో గాని మాట్లాడదు. వెనక నుంచి అడిగింది. "కింద ఉండేది అబద్ధం చెబితే?"

"చెప్పదండీ. తనకి కనిపించిందే చెబుతుంది. పైది అది నమ్మి పేరు పలుకుతుంది. పైదానికి కళ్ళు లేవు."

ఆ మాటతో ఎవరికీ ధైర్యం రాలేదు. మాట్లాడేది ఒకటీ, చూసేది ఇంకోటీ అయితే, చూసేది ఎవరి మనిషో ఎట్టా తెలుస్తుంది? అందరూ వారగా సుబ్బరావమ్మ వైపు చూశారు.

"నా మొహం చూస్తారేందే? నేనేం చేశాను?" అందామె.

ఆ వారంలోనే డబ్బాలు కిటికీ గట్టు మీద నుంచి ఒక్కొక్కటీ మాయమయ్యాయి. ఒకామె టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టుకుంది. ఒకామె రవికలో దోపుకుంది. పంపు దగ్గరికి పోతూ కూడా తడుముకునేవాళ్ళు. గట్టు మీద రెండు డబ్బాలే మిగిలాయి, ప్రేమమ్మదీ లక్ష్మీదుర్గదీ. వాళ్ళిద్దరివీ పక్కపక్క బల్లలు. దుర్గ చిన్నది. అక్కా అని పిలుస్తుంది. క్రిస్మస్ కేకు ఆ ఇంటికి పోతుంది, వినాయక చవితి ఉండ్రాళ్ళు ఈ ఇంటికి వస్తాయి.

"ఆ దుర్గ చెల్లెలు భవ్య పని కోసం తిరుగుతోందంటగా," అని ఎవరో ప్రేమమ్మ చెవిన వేశారు. "ఒక పేరు ఖాళీ అయితే ఆ పిల్లని ఎక్కిస్తానన్నాడంట శ్రీకృష్ణ. నీ డబ్బా జాగ్రత్త."

ప్రేమమ్మ ఆ మాట వినలేదన్నట్టు ఊరుకుంది. డబ్బా మాత్రం దుర్గ డబ్బాకి జానెడు దూరంగా జరిపింది. మర్నాడు చూస్తే రెండూ మళ్ళీ ఆనుకుని ఉన్నాయి. ఎవరు జరిపారో.

ఒక రోజు ప్రేమమ్మకి ఆలస్యమైంది. తలకి రాసుకున్న కొబ్బరినూనె చేతులకి అట్టాగే ఉంది. అందరూ లోపలికి పోయాక పరుగున వచ్చి అద్దం మీద వేలు పెట్టింది. వేలు జారింది. కంప్యూటరు పేరు చెప్పింది. ఆమె బల్ల దగ్గర కూర్చుని, దుర్గ చెప్పే మాటలకి ఊకొడుతూ, గబగబా గీతలు లాగి డబ్బాలో వేసి మూత పెట్టింది.

సాయంత్రం మూత తీస్తే కుడి బొటనవేలివి లేవు.

డబ్బా బోర్లించింది. గట్టు కింద చూసింది. తొక్కల్లో వెతికింది. దుర్గ అప్పటికే చేతులు కడుక్కుని, గీతలు పెట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఏందక్కా, ఏం పోయింది?"

"ఏం లేదు."

ఆ రోజు ఇద్దరూ కలిసి నడవలేదు. వంట్లో బాగాలేదని ప్రేమమ్మ వెనక ఉండిపోయింది. ఇంటికి పోయి కూతురు మహిమకి కూడా చెప్పలేదు. అన్నం కలుపుతుంటే బోసిపోయిన బొటనవేలు నున్నగా, ఎవరిదో వేలులా ఉంది. డబ్బా జరిపింది దుర్గే. పొద్దున అన్ని మాటలు చెప్పింది ఎందుకు? అంత మురిపెంగా ఎప్పుడైనా మాట్లాడిందా? మాట్లాడుతూనే ఉంటుంది. కానీ ఇవాళ మాట్లాడటం వేరే.

మర్నాడు వరసలో దుర్గ అందరికంటే ముందుంది. అద్దం మీద వేలు పెట్టింది.

"నమస్కారం, ప్రేమమ్మ," అంది కంప్యూటరు.

దుర్గ నవ్వింది. చీర చెంగుకి వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

"నమస్కారం, ప్రేమమ్మ."

లోపల కుర్చీలో ఉన్న శ్రీకృష్ణ లేచి వచ్చాడు. "ఇంకెవరూ ముట్టుకోవద్దు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. ప్రేమమ్మ గారూ, మీ వేలు చూపించండి."

ఆమె చూపించింది. నున్నటి వేలు అందరూ చూశారు.

"ఒకరు ఇచ్చి ఉండాలి, లేకపోతే ఒకరు తీసి ఉండాలి. ఇద్దరిలో ఒకరి పేరు ఇవాళ కొట్టేస్తాను. ఎవరిదో మీరే చెప్పండి."

ప్రేమమ్మ తల వంచుకుంది. పేరు పోతే మళ్ళీ పొలాల్లో మిరపకాయ కోతకి పోవాలి, ఆ ఎండ ఈ వయసులో ఆమె వల్ల కాదు.

"నేను ఇవ్వలేదండీ," అంది.

దుర్గ ఆమె వైపు తిరిగింది. "ఇవ్వలేదన్నావు. అంటే నేను తీశాను."

ప్రేమమ్మ తల ఎత్తలేదు.

"ఇవి నా గీతలు కావా? చూడండి శ్రీకృష్ణ గారూ. చూడండి మేస్త్రమ్మా. ఈ మచ్చ చిన్నప్పుడు కత్తిపీటకి వేలు తెగితే పడింది."

"పైన నీవే ఉంటాయమ్మా. కింద ఎవరివి ఉన్నాయో, మిషన్ వేటిని చూసిందో నాకేం తెలుసు?" అన్నాడు శ్రీకృష్ణ.

"లాగి చూపిస్తే?"

"లాగితే రెండు పొరలూ కలిసే వస్తాయి. లేకపోతే ఒకటి దాస్తావు."

దుర్గ ఇంకేం అడగలేదు. నాలుగు అడుగుల్లో కొట్టే బల్ల దగ్గరికి పోయింది. తొక్కల నుంచి కారిన నూనె పట్టే మట్టిచిప్ప అక్కడ ఉంది. రెండు చేతులూ అందులో ముంచింది. సుబ్బరావమ్మ కేక వేసి వెళ్ళేలోపే బయటికి తీసి, బూడిదలో అద్ది, చొక్కాకి తుడుచుకుని వచ్చింది. వేళ్ళు నల్లబడి, ఉబ్బుతున్నాయి. చర్మం పొరలు పొరలుగా జారుతోంది.

"కాలిస్తే కింద కూడా ఏమీ మిగలవు కదండీ," అని బొటనవేలు అద్దం మీద ఆనించింది.

"నమస్కారం, ప్రేమమ్మ."

సుబ్బరావమ్మ శ్రీకృష్ణ ముందుకి వచ్చి నిలబడింది. "ఇప్పుడు నువ్వు పెట్టు బాబూ."

"నేనెందుకు?"

"పెట్టు."

అతను పెట్టాడు.

"నమస్కారం, ప్రేమమ్మ," అంది కంప్యూటరు, అదే తీపి గొంతుతో.

వేరే రోజైతే షెడ్డంతా నవ్వులే. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు.

మధ్యాహ్నం గౌస్ బాషా వచ్చాడు. దుర్గ చేతులకి అప్పటికి ఆసుపత్రిలో కట్లు కట్టి పంపించారు. ఆమె గుమ్మం బయట అరుగు మీద కూర్చుని ఉంది. గౌస్ బాషా కంప్యూటరు తెర వైపు చూడనే లేదు. ఫోను లైటు వేసి అద్దం మీద పక్కవాటుగా పట్టాడు. గీతలు అక్కడే ఉన్నాయి. సన్నగా, చుట్టలు చుట్టలుగా, అద్దానికి అతుక్కుని.

"ఎవరో నూనె చేత్తో పెట్టారు. వేలు వచ్చేసింది, గీతలు ఉండిపోయాయి," అన్నాడు. "కిందదానికి నిన్నటి నుంచీ ఇవే కనిపిస్తున్నాయి. అద్దం మీద ఎవరి వేలు ఆనించినా, దానికంటే ముందు వీటినే చూస్తోంది. కనిపించిందే చెప్పింది. పైది నమ్మింది. రెండింటిదీ తప్పు లేదు."

"తప్పు లేకపోతే ఇట్టా ఎట్టా అయింది?" అంది సుబ్బరావమ్మ.

"అద్దం తుడవలేదు."

దెబ్బలకి వేసే ప్లాస్టరు ముక్క ఒకటి తెప్పించి, అంచు ఆనించి గీతల్ని లేపి, తన అరచేతిలో వేసుకుని ప్రేమమ్మకి చూపించాడు. ఆమె చెయ్యి చాచలేదు.

"సరే. ఎవరూ దొంగ కాదని తేలింది," అన్నాడు శ్రీకృష్ణ. గొంతు సర్దుకున్నాడు. "కానీ లక్ష్మీదుర్గ రేపటి నుంచి మిషన్‌కి ఏం చూపిస్తుంది? గీతలు లేని మనిషిని అది తీసుకోదు. పేరు కొట్టేయక తప్పదు."

"మీ మాటకే కదయ్యా అది చేతులు కాల్చుకుంది," అంది సుబ్బరావమ్మ.

"నేను ముంచమన్నానా?"

ప్రేమమ్మ గౌస్ బాషా దగ్గరికి వచ్చింది. "ఈ గీతలకి దుర్గ పేరు పలుకుతుందా బాబూ?"

"పేరుండేది పైన ప్రోగ్రాంలోనండీ. అక్కడ మారిస్తే పలుకుతుంది. కిందది పేర్లు పట్టించుకోదు. మీ పేరుని మీ ఎడమ బొటనవేలికి ముడివేస్తాను."

"వెయ్యి."

శ్రీకృష్ణ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. "ఇదేదో మీరిద్దరూ ముందే అనుకున్నట్టుంది," అన్నాడు. అయినా కాదనలేదు. వెనక అంతమంది ఆడవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

ప్రేమమ్మ గౌస్ బాషా అరచేతిలోని గీతల్ని ఖాళీ డబ్బాలో వేయించుకుని అరుగు దగ్గరికి పోయింది. దుర్గ వినే ఉంది.

"నీవి నాకెందుకు?" అంది దుర్గ. "రేపు మళ్ళీ పోయాయంటావు."

ప్రేమమ్మ డబ్బా అరుగు మీద పెట్టి లోపలికి వచ్చేసింది. సాయంత్రం పోతూ చూస్తే అరుగు మీద డబ్బా లేదు.

కట్లు విప్పాక సుబ్బరావమ్మే దుర్గ ఇంటికి పోయి ఆ గీతలు అతికించి వచ్చింది. కాలిన చర్మం మీద అవి పాతుకుపోయాయి. లాగినా ఊడవు. అందుకని దుర్గ ఇక గింజలు కొట్టడానికి లేదు. ఆమెని గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ నూనె ఉండదు. కిటికీ వెలుగులో గుండు పప్పు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు ఏరుతుంది. కొట్టేవాళ్ళు ఏళ్ళ తరబడి అడిగినా దొరకని చోటు అది. ఖాళీ అయిన బల్ల దగ్గరికి భవ్య వచ్చింది.

"చూశావా, ఇదంతా ఎందుకు చేసిందో," అన్నారు కొందరు.

"ప్రేమమ్మ ఊరికే ఇచ్చిందంటావా, లోపల ఏదో ఉంది," అన్నారు ఇంకొందరు.

భవ్య తన డబ్బా టిఫిన్ బాక్సులో పెట్టుకుంటుంది.

ఇప్పుడు పొద్దున్నే వరసలో ప్రేమమ్మ సరిగ్గా దుర్గ వెనక నిలబడుతుంది. ఒకటి రెండు సార్లు దుర్గ వెనక్కి పోయి నిలబడింది. ప్రేమమ్మ కూడా వెనక్కి పోయింది. దుర్గ ముందు తన చెంగుతో అద్దం తుడుస్తుంది. తర్వాత వేలు పెడుతుంది. కంప్యూటరు ఒక్క క్షణం ఆగుతుంది. కింద ఉన్నది పైదానికి ఏం చెబుతోందో అని ప్రేమమ్మ వింటుంది. ఏదో ఒక రోజు అది పాత పేరే పలుకుతుందని ఆమెకి అనుమానం.

వాళ్ళిద్దరూ మాట్లాడుకోక వానలు వెళ్ళాయి, చలి వచ్చింది. ఒక పొద్దున దుర్గ అద్దం తుడిచి, వేలు ఆనించి, తీయకుండా అట్టాగే ఉంచింది.

"నమస్కారం, లక్ష్మీదుర్గ," అంది కంప్యూటరు.

"విన్నావా?" అంది దుర్గ, వెనక్కి తిరగకుండానే.

"విన్నాను," అంది ప్రేమమ్మ.

దుర్గ వేలు తీసి, అద్దం మళ్ళీ ఒకసారి తుడిచి, పక్కకి జరిగింది.