వెంకటదుర్గ కడుపునొప్పి

భాస్కరం మేష్టారు తడిగుడ్డతో నల్లబల్ల తుడిచి, గుడ్డను కిటికీ ఊచకు ఆరేసి, పైన తేదీ వేశారు. బడి వెనక కాలవ, కాలవ అవతల కోతకొచ్చిన చేలు. మేష్టారు బక్కపలచటి మనిషి. ఇస్త్రీ లేని చొక్కాకు గుండీ ఊడిన చోట పిన్నీసు. భార్య కనకవల్లి పోయి ఏడాది కావస్తోంది. కర్మలు ముగిసిన మర్నాడే బడికి వచ్చారు. ఎవరు పలకరించినా "బాగానే ఉన్నానండి" అన్నారు.

ఈ ఏడు నుంచి అన్ని బళ్లలోనూ మొదటి పీరియడు పిల్లల మనసు కోసమని పైనుంచి ఉత్తర్వు. గోడకు మొహాల చార్టు అంటించారు. నవ్వు, కోపం, భయం, దిగులు. ఒక్కొక్కరూ లేచి ఏదో ఒక మొహం మీద వేలు పెట్టి, ఎందుకో చెప్పాలి. చివర్న మేష్టారూ చెప్పాలి. ఎక్కాలు చెప్పించినంత సులువుగా ఆయనకిది పట్టుబడలేదు. రోజూ నవ్వు మొహం చూపించి, "నేను బాగున్నాను. కూచోండి" అనేవారు.

ఆ రోజూ పిల్లలు వరసగా లేచారు. దూడ పుట్టిందని ఒకడు నవ్వు మొహం ముట్టుకున్నాడు. మూడో తరగతి వెంకటదుర్గ చార్టు దాకా వెళ్లి, దేన్నీ ముట్టుకోకుండా, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుంది.

"కడుపునొప్పండి."

వాళ్లమ్మ సూర్యకళ ఇంటిపనికని కువైట్ వెళ్లిన దగ్గర్నుంచీ రోజూ ఇదే మాట. ఆయన రోజూ వాము నీళ్లు పట్టిస్తున్నారు.

"ఎక్కడమ్మా నొప్పి? చూపించు."

ఆ పిల్ల వేలు బొడ్డు దగ్గర్నుంచి పైకి జరిగి, రొమ్ము ఎముక కింద ఆగింది.

మేష్టారు చేతిలో సుద్దముక్క బల్లమీద పెట్టేశారు. సరిగ్గా అక్కడే తనకూ నొప్పి. రాజమండ్రి డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, గ్యాసన్నాడు. అప్పట్నుంచీ మాత్రలు మింగుతూనే ఉన్నారు.

"ఏడుపొస్తోందా?"

"ఏడవకూడదండి. నేనేడిస్తే అక్కడ అమ్మకి పని పోద్దంటండి. అమ్మమ్మ చెప్పింది."

ఆయన కుర్చీ వదిలి ఆ పిల్ల ఎదురుగా నేలమీద చతికిలబడ్డారు. మోకాళ్లు కటుక్కుమన్నాయి. పిల్లలెవరూ నవ్వలేదు.

"నాకూ ఇక్కడే నొప్పమ్మా. మా ఇంటావిడ పోయిన దగ్గర్నుంచీ." తన రొమ్ము ఎముక కింద వేలు పెట్టి చూపించారు. "ఇది కడుపునొప్పి కాదనుకుంటా. దిగులు. ఏడిస్తే ఎవరి పనీ పోదులే."

ముందు చెమ్మగిల్లింది మేష్టారి కళ్లే. అది చూశాక దుర్గ ఏడ్చింది. ఆయన చొక్కా పట్టుకుని ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. మిగతా పిల్లలు పుస్తకాలు తెరవకుండా కూచున్నారు. ఆయన తెరవమనలేదు.

మధ్యాహ్నం బడి భోజనంలో దుర్గ, ఇంటి నుంచి తెచ్చుకున్న కంచంలో రెండోసారి పప్పు వడ్డించుకుని తింది.

బడి విడిచే వేళకు గేటు ముందు ఆటో ఆగింది. దుర్గ మేనమామ అమ్మిరాజు దిగాడు. మండపేటలో రైసుమిల్లులో పనిచేస్తాడు.

"మా అమ్మ జారిపడి కాలిరగ్గొట్టుకుందండి మేష్టారూ. పిల్లని చూసుకోలేదండి. మా ఇంటికాడే ఉంచుకుంటామండి. టీసీకి మళ్లీ వస్తానండి."

"ఇవాళే తీసుకెళ్తావా?"

"ఆటో మాట్లాడుకొచ్చేశానండి మరి."

అక్కడి బళ్లోనూ ఆ చార్టు ఉంటుంది. ఈ పిల్ల అక్కడా పొట్ట పట్టుకునే నిలబడుతుందేమో. ఎన్నో చెప్పాలనిపించింది ఆయనకు. చివరికి, "ఏడిస్తే ఏడవనియ్యి అబ్బాయ్, ఊరుకోమనకు" అన్నారు.

"అలాగేనండి," అన్నాడు అమ్మిరాజు, అర్థంకాక తల గోక్కుంటూ.

దుర్గ ఆటోలోంచి తల బయటపెట్టింది. "మేష్టారండీ, మీకు నొప్పి తగ్గిందాండి?"

"తగ్గుతుందిలేమ్మా. నువ్వు జాగ్రత్త."

ఆటో కాలవ వంతెన ఎక్కి, ధాన్యం లారీ వెనక కనబడకుండా పోయింది. పిల్లలంతా వెళ్లిపోయారు. కుళాయి కారుతున్న చప్పుడైతే కట్టేద్దామని మేష్టారు బడి పెరట్లోకి నడిచారు.

కుళాయి గట్టుమీద, కడిగి బోర్లించిన స్టీలు కంచం ఒకటి ఉంది. కుళాయి తుంపర పడి ఇంకా తడిగానే ఉంది. అంచు మీద కొట్టులో చెక్కించిన చుక్కల అక్షరాలు: సూర్యకళ.