రెండు దగ్గులంత ఖాళీ

ముందు ఘాటు వస్తుంది. రంగు తర్వాత.

కళ్లు మూసుకున్నా తెలిసిపోతుంది... రోడ్డు పక్క కళ్లాల్లో మిరపకాయలు ఆరబోశారని.

మార్చి ఎండ. పెదనందిపాడు దాటిన వ్యాను. అటు ఎరుపు, ఇటు ఎరుపు. మధ్యలో నల్లటి రోడ్డు.

వ్యానులో తొమ్మిది మంది పిల్లలు, ఒక కీబోర్డు, ఒక డోలక్. చీరాలలో యువజనుల పాటల పోటీ. పిల్లల వెంట పెద్దవాళ్లు ఒకరుండాలన్నారు చర్చి అయ్యగారు. ఎవరూ అడగకముందే ఇషాక్ లేచాడు.

పాట కోసం కాదు.

అతని చిన్నకూతురు క్రిస్టీనా మూడు రోజులుగా దగ్గుతోంది.

"అద్దాలు మూయండర్రా, కళ్లాలొచ్చినయ్," అన్నాడు డ్రైవరు జక్రయ్య.

"మూస్తే ఉడికిపోతాం బాబాయ్. గొంతులెండితే పాడేదెవరు, నువ్వా?" డోలక్ ఒళ్లో పెట్టుకున్న ప్రసన్నకుమార్ అడిగాడు.

"నేను పాడితే ప్రైజు మనకేరా. జడ్జీలు ఇచ్చేసి పారిపోతారు."

పిల్లలు నవ్వారు. నవ్వులో దగ్గులు కలిశాయి. అందరివీ.

ఇషాక్ ఒక్క దగ్గునే విన్నాడు. ఆఖరి సీటులోది.

భుజం మీది తువ్వాలు తీసి వెనక్కి అందించాడు. "ముక్కుకి కట్టుకోమ్మా."

"ఘాటే నాన్నా," తువ్వాలు అందుకుని మెడకు చుట్టుకుంటూ అంది. "ఏం కాదు."

అదే మాట.

పోయినేడు ఇదే నెలలో... అదే మాట. పెద్దకూతురు సంతోషకుమారి నోటి నుంచి.

కళ్లంలో అందరూ దగ్గుతారు. దగ్గనివాడు పని చేయనట్టు లెక్క. కాయలు తిరగేసేవాళ్లు, తాలుకాయలు ఏరేవాళ్లు, కాపలా పడుకునేవాళ్లు — అందరూ. అంత దగ్గులో ఒక దగ్గు వేరుగా ఉంటే ఎవరికి తెలుస్తుంది?

తండ్రికి తెలియాలి.

ఇషాక్‌కి తెలియలేదు. "ఘాటుకేలే, కోతలైపోతే తగ్గుద్ది," అన్నాడు పెద్దకూతురితో. కోతలైపోయాయి. కాయలు మిర్చి యార్డుకు వెళ్లాయి. కళ్లం ఊడ్చేశారు. నేల మీద ఎరుపు కూడా వానకు కొట్టుకుపోయింది.

దగ్గు పోలేదు.

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకెత్తి పట్టుకుని చూశాడు. ఆ తర్వాత అడిగాడు — ఎప్పటినుంచి?

ఆగస్టులో ఆమె పోయింది. పందొమ్మిదేళ్లు.

పర్చూరు దాటాక కళ్లాలు పలచబడ్డాయి. శనగ కోసేసిన చేలు. ఖాళీ నల్లరేగడి. ఆ తర్వాత ఇసుక, జీడిమామిడి తోపులు. వ్యానులో ఒక్కొక్క దగ్గే ఆగిపోతోంది. ముందు ప్రసన్నకుమార్‌ది. తర్వాత కవలపిల్లలది. తర్వాత జక్రయ్యది.

ఇషాక్ వింటున్నాడు.

ఇక ఒక్కటే మిగిలింది.

చీరాల. సముద్రం కనబడదు గాని గాలి ఉప్పగా తగులుతోంది. చర్చి వెనక హాలు, షామియానా, మైకు. వందనాలండి, వందనాలు. చెట్టు కింద గొంతులు సవరించుకుంటున్న పిల్లలు.

క్రిస్టీనా ఇంకా దగ్గుతోంది.

"ఘాటే నాన్నా."

"ఇక్కడ కళ్లాల్లేవమ్మా."

ఆమె ఒక క్షణం చూసింది. తర్వాత మెడలోని తువ్వాలు విప్పి అతని ముక్కు దగ్గర పెట్టింది. "చూడు. పొద్దున కాయలు తిరగేసినప్పుడు ఇది నీ భుజం మీదేగా? కళ్లమంతా ఇందులోనే ఉంది."

ఘాటు గుప్పుమంది. ఇషాక్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

తువ్వాలేనా?

తువ్వాలే అయ్యుండాలి.

కుళాయి కింద దాన్ని తడిపి పిండాడు. మళ్లీ తడిపాడు. మళ్లీ పిండాడు. ఈసారి ఆమెకు ఇవ్వలేదు.

వాళ్ల ఊరి పేరు పిలిచారు.

ఆ పాట పిల్లలకు నేర్పింది సంతోషకుమారి. కాయల కాపలాకు కూర్చున్నప్పుడు కళ్లం గట్టు మీద పాడి, ఫోనులో రికార్డు చేసి పంపింది. ఆమె పోయాక నేర్పేవాళ్లు లేరు. ఫోనే నేర్పింది. విన్నారు, పాడారు, విన్నారు, పాడారు.

మూడో చరణం చివర, ఆఖరి మాటకు ముందు, ఆమె ఆగింది. రెండుసార్లు దగ్గింది. మళ్లీ అందుకుంది.

అది దగ్గేనని పిల్లలకూ తెలుసు. అయినా ఆగడం కూడా పాటేనన్నట్టు నేర్చుకున్నారు.

ఇషాక్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కూతురు పోయాక అతను ఆమె ఫోను తెరవలేదు. పాట ప్రాక్టీసు జరిగే సాయంత్రాలు చర్చి వైపు వెళ్లలేదు.

ఇవాళే వింటున్నాడు.

మొదటి చరణం. రెండోది. తొమ్మిది గొంతులు, ముందు నిలబడి క్రిస్టీనా — అక్క నిలబడే చోట. మూడో చరణం. డోలక్ ఒక్కసారిగా ఆగింది. పెదవులన్నీ మూసుకున్నాయి.

రెండు దగ్గులంత ఖాళీ.

హాలంతా ఊపిరి బిగబట్టింది. జడ్జీ ఒకాయన తలెత్తి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆ ఖాళీలో ఇషాక్ విన్నాడు. స్పష్టంగా. ఒకటి... రెండు.

ఎవరు దగ్గారు? వేదిక మీదా? తన చెవుల్లోనా?

పాట మళ్లీ అందుకున్నారు. చప్పట్లు. పిల్లలు ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటూ దిగారు.

ఇషాక్ కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "పద."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. ఛాతీ ఫోటో తీయిద్దాం."

"ఇప్పుడా? రిజల్ట్స్ చెప్తారు నాన్నా. తువ్వాలే అని చెప్పానుగా."

"అయితే తువ్వాలేనని వాళ్లు చెప్తారు."

"సాయంత్రం వెళ్దాం. లేకపోతే రేపు..."

ఆ మాట దగ్గర ఆమే ఆగిపోయింది. తండ్రి ముఖం చూసింది. అతని వెంట నడిచింది.

జక్రయ్యకు పిల్లల్ని అప్పజెప్పి, ఆటో ఆపాడు ఇషాక్. వెనక మైకులో పేర్లు చదువుతున్నారు. మూడో బహుమతి... రెండో బహుమతి... ఆటో మలుపు తిరిగింది. మొదటి పేరు గాలిలో కలిసిపోయింది.

సముద్రం వైపు నుంచి గాలి. ఇషాక్ కళ్లు మూసుకున్నాడు.

ముందు ఘాటు వస్తుంది. రంగు తర్వాత.

ఘాటు లేదు. భుజం ఖాళీగా ఉంది. తువ్వాలు కుళాయి గట్టు మీదే ఉండిపోయింది.

పక్కన క్రిస్టీనా నిండుగా గాలి పీల్చుకుంది —

ఇషాక్ ఊపిరి బిగబట్టాడు.

రెండు దగ్గులంత సేపు.