ఆలస్యంగా వచ్చే బొమ్మ

కెమెరా మేస్త్రి పొద్దున్నే షాపు తెరిచాక చేసే మొదటి పని, రబ్బరు బుడ్డితో బల్ల మీది దుమ్ము ఊదడం. రెండో పని, ఎదురు షాపు షట్టరు లేచిందా లేదా అని చూడటం. మొదటిది లెన్సుల కోసం. రెండోది ఎందుకో వీధిలో అందరికీ తెలుసు, అతని తల్లికి మరీ బాగా తెలుసు. తెలియాల్సిన మనిషికి మాత్రం నాలుగేళ్ళుగా చెప్పనేలేదు. చేతిపనిలో దిట్టే, కాదనం. చీమ తలకాయంత స్క్రూ అయినా కన్నార్పకుండా బిగిస్తాడు. నోరు విప్పమంటేనే నీళ్ళు నములుతాడు.

ఎదురు షాపు టైలరమ్మది. పాడైన జిప్పులు, వదులైన నడుములు, పొడుగెక్కువైన ప్యాంట్లు అన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. ఆ బుధవారం ఆవిడే రోడ్డు దాటి వచ్చి, మేస్త్రి షాపులో కస్టమర్ల కుర్చీలో కూర్చుంది.

"నాకో ఫోటో కావాలండీ. పాస్‌పోర్టు సైజుది."

మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. టైలరమ్మ ఫోటోల సంగతి ఎవరికి తెలియదు గనక! ఆవిడ బొమ్మ ఆలస్యంగా వస్తుంది. కూర్చోబెట్టి తీస్తే ఖాళీ కుర్చీ పడుతుంది. ఆవిడ లేచి వెళ్ళిపోయాక, ఏ అరగంటకో ముప్పావుగంటకో, బొమ్మ తీరిగ్గా వచ్చి కూర్చుంటుంది. అదీ కంటికి కనపడదు, కెమెరాకే. కొందరిది ఎడమచేతి వాటం, ఈవిడది ఇది. వాళ్ళక్క పెళ్ళి ఫోటోలో ఇద్దరు మేనత్తల మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంటుంది. ఆల్బం చూపించేటప్పుడు అక్క ఆ జాగా మీద వేలుపెట్టి "ఇది మా చెల్లెలు" అంటుంది. చూసేవాళ్ళు "అలాగా" అని పేజీ తిప్పుతారు.

"స్టూడియోలో అడగలేకపోయారా?"

"మూడు స్టూడియోలు తిరిగానండీ. ఇరవై నిమిషాలు కాచుకుని, ఇంక మావల్ల కాదమ్మా అన్నారు. వాళ్ళకీ బేరాలుంటాయి కదా." ఆవిడ పైటకొంగు మడత సరిచేసుకుంది. "పెద్ద హోటల్లో కుట్టుగది మొత్తానికీ నన్ను పెద్దగా వేశారు. రైల్లో తొమ్మిది గంటల దూరం. శుక్రవారం సాయంత్రం లోపు ఫోటో పంపితే గుర్తింపు కార్డు చేస్తారు. లేదంటే వరసలో నా తర్వాత ఉన్నవాళ్ళని పిలుస్తారట. ఎన్నాళ్ళని జిప్పులు మార్చుకుంటూ కూర్చుంటాను, చెప్పండి?"

తొమ్మిది గంటల దూరం. మేస్త్రి స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు.

"తీస్తానండీ," అన్నాడు. ఇంకా చాలా అనొచ్చు. అనలేదు.

అతని సొరుగులో జేబులో పట్టే చిన్న కెమెరా ఒకటుంది, ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాలేదు. అలాంటి కెమెరాలకి సత్తా ఉంటుంది గానీ కంపెనీవాళ్ళు ఆ సత్తా మెనూలో కనపడనివ్వరు. మరి ఖరీదైనవి అమ్ముడుపోవద్దూ! అది సహించని బుర్రలు కొన్ని తలా ఒక ఊళ్ళో కూర్చుని, కెమెరాని లోపల్నించి నడిపించే ప్రోగ్రాం, అదే ఫర్మ్‌వేర్, సొంతంగా రాసి అందరికీ ఉచితంగా పంచిపెట్టాయి. దాన్ని మెమరీ కార్డులోకి ఎక్కించి, కార్డు అంచునుండే బుల్లి తాళాన్ని లాక్ వైపు జరిపి పెడితే, కెమెరా పాత బుద్ధి మానేసి కొత్త మెనూతో లేస్తుంది. కార్డు తీసేస్తే మళ్ళీ మామూలే.

ఆ మెనూలో మేస్త్రికి కావలసింది ఉంది. ఎదురుగా ఏదైనా కదిలితే కెమెరా దానంతటదే ఫోటో తీస్తుంది, అందాకా ఎన్ని గంటలైనా నిద్రపోకుండా కాచుకుంటుంది. తీరా మొదటి ఫోటోలో కళ్ళు మూసుకుంటే? అందుకని, ఆ తర్వాత అరనిమిషానికొకటి చొప్పున నలభై తియ్యమని చెప్పిపెట్టాడు. షాపు మరీ ఇరుకు. కెమెరా ఎక్కడ పెట్టినా కుర్చీతో పాటు తనూ, తన బల్లా పడుతున్నారు. తన చేతులు కదిలితే మోసపోకుండా, కెమెరా తెరని గళ్ళుగా విడదీసి, తన వైపు గళ్ళని పట్టించుకోవద్దన్నాడు. చప్పుడు ఆపాడు, తెర ఆపాడు. ఫోటో పడితే ఓ చిన్న దీపం వెలుగుతుందంతే.

గురువారం మధ్యాహ్నం తల్లి భోజనం డబ్బా తెచ్చింది. అతను సిద్ధం చేసిన కార్డు బల్ల మీదే వదిలి, చేతులు కడుక్కుని వచ్చి తిని, దాన్ని కెమెరాలో పెట్టేసరికి టైలరమ్మ వచ్చింది, పది నిమిషాలు కూర్చుంది, వెళ్ళింది. మేస్త్రి కాచుకున్నాడు. గంటయింది, మూడు గంటలయింది, దీపం వెలగలేదు. సాయంత్రం కెమెరా విప్పి చూస్తే కార్డు తాళం తీసి ఉంది. పాత బుద్ధితో లేచిన కెమెరా మూడు నిమిషాలకే నిద్రపోయింది.

"అమ్మా! దీన్ని నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకోకపోతే? తాళం వేసుంది, తీశాను. తాళం వేసిన పెట్టెలో సామాను ఎలా సర్దుతావురా?"

"దీనికి తాళం వేస్తేనే తెరుచుకుంటుందే!"

"నీకు తగ్గ కెమెరానే దొరికింది," అంది తల్లి, డబ్బా సర్దుకుంటూ.

నిజం చెప్పాలంటే, ఫోటో రానందుకు మేస్త్రికి లోలోపల కాస్త సంతోషమేసింది. రేపు కూడా రాకపోతే ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు. ఎవరూ తనని తప్పుపట్టరు, స్టూడియోవాళ్ళకే చేతకాలేదు కదా. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. శుక్రవారం తెల్లవారగానే వచ్చి తాళాన్ని రెండుసార్లు చూసుకుని మరీ కార్డు పెట్టాడు.

పది గంటలకి టైలరమ్మ వచ్చి కూర్చుంది.

"గడ్డం కాస్త పైకెత్తండి."

ఎత్తింది.

"అయితే... ఎల్లుండే ప్రయాణం?"

"ఫోటో వస్తేనండీ."

ఆవిడ ఇంకేదో అంటాడని చూసింది. అతను లెన్సు తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. పది నిమిషాలు కాగానే ఆవిడ లేచి, "వస్తానండీ," అని రోడ్డు దాటేసింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇతగాడు అడగడు, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం! మేస్త్రి తన మీద తనకే కోపమొచ్చి, భూతద్దం కంటికి బిగించుకుని పనిలో తలదూర్చాడు.

ముప్పావుగంటకి దీపం వెలిగింది. హమ్మయ్య అనుకున్నాడు. నలభై పూర్తయ్యేదాకా కెమెరా జోలికి పోకూడదని మళ్ళీ తల వంచుకున్నాడు.

మధ్యాహ్నం కంప్యూటర్లో తెరిచాడు. డబ్బా తెచ్చిన తల్లి వెనకే నిలబడింది. మొదటి ఫోటో దివ్యంగా ఉంది. బొమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, గడ్డం చెప్పినంతే ఎత్తింది. రెండోదీ అంతే. మూడో ఫోటోలో కుర్చీ ఖాళీ.

"వెళ్ళిపోయింది," అన్నాడు మేస్త్రి.

"కళ్ళు పెట్టి చూడరా. ఎక్కడికెళ్ళిందీ?"

బొమ్మ బల్ల దగ్గరుంది. అతని పక్కనున్న పెట్టె మీద కూర్చుని, బల్లకి మోచెయ్యి ఆనించి, చేతిలో గడ్డం పెట్టుకుని అతని పని చూస్తోంది. నాలుగో ఫోటోలోనూ అంతే, పదో ఫోటోలోనూ అంతే. ఒకదాంట్లో అతని చేతి దగ్గరికి వంగి చూస్తోంది. ఒకదాంట్లో నవ్వుతోంది. ఇరవైతొమ్మిదో ఫోటోలో చెయ్యి చాపి, లోపలికి మడత పడిన అతని చొక్కా కాలరు సరిచేస్తోంది. నలభైలోనూ మేస్త్రి తల వంచుకునే ఉన్నాడు.

అతను మెడ వెనక తడుముకున్నాడు. కాలరు ఇంకా మడత పడే ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నలభై ఫోటోలు!" అంది తల్లి. "ఒక్కదాంట్లోనన్నా తలెత్తావురా?" ఆవిడ డబ్బా బల్ల మీద పెట్టింది. "నా సంగతి చూసుకోనక్కర్లేదు. రైల్లో కిటికీ పక్క సీటిప్పిస్తే ఎక్కడికైనా వస్తాను. ముందు నువ్వెళ్ళు."

మేస్త్రి గుర్తింపు కార్డుకి పనికొచ్చే మొదటి ఫోటో ఫోనుకి ఎక్కించుకుని, కెమెరా పట్టుకుని రోడ్డు దాటాడు. టైలరమ్మ ఒప్పుకున్న బట్టలన్నీ ఎవరివి వాళ్ళకి మూటలు కడుతోంది. ముందు ఆ ఫోటో చూపించాడు. ఆవిడ తన మొహాన్ని ఫోటోలో ఇంత స్పష్టంగా చూసుకోవడం అదే మొదటిసారి, కాసేపు అలాగే చూసింది. హోటలుకి పంపింది. అందిందని జవాబు కూడా వచ్చింది.

అప్పుడతను కెమెరా ఆవిడ చేతికిచ్చి, మిగతావి ఒక్కొక్కటే చూడమన్నాడు.

ఆవిడ చూసింది. ఇరవైతొమ్మిదో దాని దగ్గర ఆగిపోయింది.

"ఇవెప్పటివి?"

"మీరు వెళ్ళాక."

"కాసేపు కూర్చుందామనే అనుకున్నానండీ," అంది. "ఈ రోజే కాదు, ఎన్నిసార్లో. మీరు పనిలో ఉన్నారు, నన్ను కూర్చోమనలేదు. లేచి వచ్చేశాను."

"నేనూ చెబుదామనే... నాలుగేళ్ళుగా..." అని మేస్త్రి ఆగిపోయాడు.

ఆవిడ కెమెరా పక్కన పెట్టింది. "ఆ ఊళ్ళో కూడా కెమెరాలు పాడవుతాయి కదండీ?"

"పాడవుతాయి."

"మీరూ వస్తారా అని నేను మిమ్మల్ని అడగలేదు."

"లేదండీ."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"వస్తాను," అన్నాడు మేస్త్రి. ఈసారి మాట పూర్తిగానే వచ్చింది.