ఒక్కరు పట్టే టెంటు

మనుషుల మీద నాకు గౌరవం పోయింది వాళ్ల మాటల వల్ల కాదు, వాళ్ల టెంట్ల వల్ల. టెంట్లు అద్దెకిచ్చే కంపెనీలో వెనక గది నాది. విహారాలకు వెళ్లొచ్చినవాళ్లు తిరిగిచ్చిన టెంట్లు విప్పి, దులిపి, ఉతికి, ఆరేసి మళ్లీ మడతపెట్టడం నా ఉద్యోగం. కౌంటరు దగ్గర "చాలా శుభ్రంగా వాడామండీ" అని పళ్లికిలించి పోతారు. ఇక్కడ నేను జిప్పు లాగితే చెమట, తలనూనె, పాచిపోయిన నూడుల్సు, జత తప్పిన మేజోడు, ఒక్కోసారి కత్తిరించిన కాలిగోళ్లు. గోళ్లు! అంత దూరం కొండలెక్కి, అక్కడ కూర్చుని గోళ్లు తీసుకోవడం ఏం పోయేకాలమో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మా గదిలో ఒక పద్ధతుంది. ఉతికిన టెంటు శుభ్రమైందో లేదో కంటితో చూసి ఒప్పుకోం. తల లోపలికి దూర్చి, కాళ్లు పెట్టుకునే వైపు మూలలో ఊపిరి గట్టిగా పీలుస్తాం. మనిషి వాసన తగిలిందా, మళ్లీ తొట్టిలోకే. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లకు కొన్నాళ్లు ముద్ద దిగదు.

ఇంటికెళ్తే అక్కడా అంతే. అక్క, బావ, బావ వాళ్లమ్మ, ఇద్దరు పిల్లలు, నేను. గదులు రెండే. నా దుప్పటి నాది కాదు, నా దిండు నాది కాదు. పగలు దిండు మీద ఎవరు తల పెట్టారో రాత్రి వాసన చూసి చెప్పగలను. ఈ మనుషుల వాసన నాకు గొంతు దాకా వచ్చేసింది. అందుకే సెలవు పెట్టి, ఒక్కదాన్నే కొండల్లో నడిచి రావాలనుకున్నాను. నాకంటే ముందు ఎవరూ పడుకోని చోట ఒక్క రాత్రి పడుకోవాలి. అంతకు మించి కోరికేమీ లేదు. మా కంపెనీ టెంట్లు దానికి పనికిరావు, వాటి చరిత్ర నాకు తెలుసు. కొత్తది, తేలికైనది, ఒక్కరికే పట్టేది కొనాలి.

ఈ మాట ఇంట్లో అనడం నా బుద్ధితక్కువ.

"ఒక్కళ్లకేంటే, పిచ్చిదానా! ఇద్దరు పట్టేది తీసుకో," అన్నాడు బావ. వీధి చివర కొట్టుకు కూడా బండేసుకుని వెళ్లే మనిషి.

"మోసేది నేను బావా."

"అరకిలో ఎక్కువైతే కొంప మునుగుతుందా?"

"ఆ అరకిలో వీపున వేసుకుని పొద్దున్నుంచి చీకటిపడేదాకా మన మేడమెట్లు ఎక్కి దిగండి. అప్పుడు మాట్లాడదాం."

"ఇద్దరిదైతే ఎప్పుడన్నా నేనూ వస్తానమ్మా నీతో," అంది పెద్దావిడ ప్రేమగా. నాకు ఒళ్లు జలదరించింది.

రావద్దన్నా బావ కొట్టుకు నా వెంటే వచ్చాడు. అక్కడ ప్లాస్టిక్ గడ్డి మీద టెంట్లు వేసి పెట్టారు. అమ్మేవాడు మొదట అన్నిటికంటే తేలికైనది చూపించాడు. ఒకే పొర. చేతికర్రలే దానికి స్తంభాలు. మడిస్తే నీళ్లసీసా అంత. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ అలాంటివాటి సంగతి నాకు తెలుసు. రాత్రంతా మనం వదిలిన ఊపిరి గోడలకు నీరై పట్టి, తెల్లారేసరికి మన మొహం మీదే కారుతుంది. ఊళ్లోవాళ్ల చెమట ఉతికేది చాలక నా ఊపిరితో నేనే స్నానం చెయ్యాలా? వద్దన్నాను.

రెండోది మరీ ఇరుకు. పడుకుంటే ముక్కుకు గుడ్డ ఆనింది. పాడె మీద పడుకున్నట్టుంది. మూడోది నచ్చింది. లోపల వల, పైన వానకు విడిగా ఇంకో పొర. తలుపు పక్కవైపు ఉంది కాబట్టి పాక్కుంటూ దూరక్కర్లేదు. లేచి కూర్చోవచ్చు, కాళ్లు చాపితే గోడ తగలదు. బరువు కిలోకు కాస్త పైన. ఇంతలో బావ మేజోళ్లతోనే అన్నిట్లోకీ దూరి, వెల్లకిలా పడుకుని, "హాయిగా ఉందే!" అంటున్నాడు. ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. అక్కడ వేసినవాటిని ముట్టుకోకుండా, ఎవరూ విప్పనిది లోపల్నుంచి తెప్పించుకున్నాను.

"ముందు ఇంటి దగ్గర ఒకసారి వేసి చూసుకో," అన్నాడు బావ దారిలో.

"రోజూ టెంట్లలో బతికేదాన్ని, నాకు చెప్తారా?" అన్నాను. దాన్ని మొదటిసారి కొండమీదే విప్పాలి. ఇంట్లో విప్పితే ఇంటివాసన పట్టదూ? బీరువా మీద పెట్టి ఎవరూ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పాను.

కొండమీద మొదటి సాయంత్రం, మనిషి జాడ లేని చోట టెంటు వేశాను. అలవాటు కొద్దీ తల దూర్చి, కాళ్ల వైపు మూలలో ఊపిరి పీల్చాను.

మనిషి.

పొరపాటేమోనని మళ్లీ పీల్చాను. మోకాళ్లకు రాసుకునే నొప్పుల మందు. మా ఇంట్లో ఆ మందు రాసుకునేది బావ ఒక్కడే. బయటపడి ఫోన్ చేశాను.

"బావా, నా టెంటులో పడుకున్నారా?"

"ఎలా కనిపెట్టావే? మడత సరిగ్గానే పెట్టానే!" అన్నాడు. "నువ్వు వేసి చూడనన్నావుగా. చిరుగేదన్నా ఉంటే కొండమీద ఏం చేస్తావని నేనే మేడ మీద వేసి చూశా. అంతా నీ మంచికే."

"ఎన్నాళ్లు?"

"వారం."

"వారమా! ఛీ!"

నిజమే, వారంగా ఉక్కపోస్తోందంటూ మేడమీదే పడుకుంటున్నాడు. గదిలో ఒక మనిషి తగ్గాడని నేను సంతోషించాను కూడా.

"మొదటిరోజు పరీక్షకేనే. తర్వాత..." బావ గొంతు తగ్గించాడు. "నిద్ర పట్టింది. ఎవరూ నా మీద కాలెయ్యలేదు, ఎవరూ మంచినీళ్లు అడగలేదు. నవ్వకు. పెళ్లయ్యాక నేనంత నిద్ర పోలేదు. నువ్వొచ్చాక ఆదివారాలు ఒక్కపూట ఇస్తావా? మీ అక్కతో అనకు."

నాకు నవ్వు రాలేదు. పాపం అనిపించింది. ఆయన మేజోళ్లు, ఆయన మందు వాసన గుర్తొచ్చి అసహ్యమూ వేసింది. రెండూ ఒకేసారి కలిగితే ఏం మాట్లాడాలో నాకెవరూ నేర్పలేదు.

"ఇవ్వను," అన్నాను. అన్నాక నా గొంతు నాకే మోటుగా వినిపించింది. "మీరూ ఒకటి కొనుక్కోండి బావా."

"నాకా? ఇంటినిండా ఇంతమంది ఉండగా నాకు వేరే ఎందుకే?" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే వెనకనుంచి పెద్దావిడ, పిల్లలు, అక్క అందరూ ఒక్కసారే పిలిచారు.

"ఆ, వస్తున్నా," అని ఫోన్ పెట్టేశాడు.