ఛాతీ దగ్గరి గుండీ

నా కొట్టు కిటికీకి సరిగ్గా ఎదురుగా చెట్టు నాటాలని నా సొంత తమ్ముడే గీత గీశాడని తెలిసిన రోజు, వాడికి మధ్యాహ్నం అన్నం పెట్టేది లేదని చెప్పేశాను. చెప్పానే కానీ పెట్టకుండా ఉండలేకపోయాను. కంచం మాత్రం నాలుగిళ్ళకు వినబడేలా పెట్టాను.

వాడు నగర కార్యాలయంలో పనిచేస్తాడు. కొత్త భవనాలు కట్టేవాళ్ళు వీధిలో ఏ చెట్లు, ఎంత దూరంలో, ఎలా నాటాలో చెప్పే నిబంధనలను తిరగరాసే పని వాడి నెత్తిన పడింది. పాత నిబంధనల భాగోతం మా వీధిలో అందరికీ తెలుసు. భవనం కట్టినవాడు ఓ మూల నాలుగు మొక్కలు గుచ్చి, వాటి పక్కన నవ్వుతూ ఫొటో తీయించుకునేవాడు. అనుమతి చేతికి రాగానే ఆ మొక్కలు బతికాయో చచ్చాయో అడిగే దిక్కుండేది కాదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే అదే. మా వాడికి అది చూస్తే ఒళ్ళు మంట. గొయ్యి ఎంత లోతుండాలి, మొక్క ఎంత ఎదిగినదై ఉండాలి, చస్తే మళ్ళీ ఎవరు నాటాలి అని రోజూ అన్నం కలుపుకుంటూ చెబుతుంటే నేనూ ఊ కొట్టేదాన్ని. చెట్లంటే నాకేం పగ? పక్కవాళ్ళ కొట్ల ముందు అడవినే పెంచుకోమనండి.

మాది దర్జీ కొట్టు, దాని వెనకే ఇల్లు. కత్తిరింపూ కుట్టూ నావి, ఇస్త్రీ మా ఆయనది. మా పక్కనున్న పాత గోడౌన్ కూల్చి ఓనరు పెద్ద భవనం లేపుతున్నాడు. మా కొట్టు కూడా ఆ స్థలంలోదే. పోనీలే పాపం అని దాన్ని ముట్టుకోలేదు. కానీ కొత్త నిబంధన ప్రకారం ఆ స్థలం ముందున్న ఫుట్‌పాత్ పొడవునా చెట్లు రావాలి. తమ్ముడు మా ఇంటి బల్ల మీద పరిచిన పటంలో చెట్టుకొక చుక్క చొప్పున సమాన దూరంలో పెట్టాడు. అందులో ఒక చుక్క నా కిటికీ నడినెత్తిన కూర్చుంది.

ఆ కిటికీ వెలుతురే నా బతుకు. ఈ మధ్య నల్ల గుడ్డ మీద నల్ల దారం నాకు ఆనడం లేదు. దీపాలు మార్చాను, కళ్ళజోళ్ళు మార్చాను. పగటి వెలుగులోనే కూర్చోవాలనీ, అలా చేసినా చూపు ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేననీ కంటి డాక్టరు అన్నాడు. ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. తమ్ముడికి అస్సలు చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. వాడు చిన్న విషయానికే బెంగపడే రకం. అసలే నా కిటికీ ముందు బస్సు ఆగుతుంది. నీడ లేదు, బెంచీ లేదు. ఒకసారి కడుపుతో ఉన్న పిల్ల ఒకతి ఎండకు కళ్ళు తిరిగి నా గడప మీదే కూలబడింది. మర్నాడే కిటికీ పైనుంచి ఫుట్‌పాత్ మీదకు ఓ నీలం టార్పాలిన్ కట్టించాను. దాని కిందనుంచి దూరివచ్చే వెలుతురు గుడ్డిలో మెల్ల. ఇప్పుడు దానికీ ఎసరా?

"ఒరేయ్, ఆ చుక్కని కాస్త పక్కకి జరపరా" అన్నాను.

"జరపలేనక్కా. నీ కోసం జరిపానంటే రేపటికల్లా ఊళ్ళో ప్రతి కొట్టువాడికీ మా ఆఫీసులో ఓ తమ్ముడు పుట్టుకొస్తాడు."

ఇంకేదో చెప్పబోయాడు. నేను చెప్పనిస్తేగా! నిన్ను చంకనేసుకుని తిప్పినందుకు నాకీ శాస్తి కావలసిందేనన్నాను. ముక్కు తుడిచాను, లెక్కలు నేర్పాను, ఇప్పుడా లెక్కలన్నీ నా మీదేనా అన్నాను. వాడు మూతి ముడుచుకుని పటం చుట్టుకున్నాడు. మా ఆయన ఇస్త్రీ పెట్టె దించకుండానే, "మొక్కై వంగనిది మానై వంగునా? వాణ్ణి అంత నిక్కచ్చిగా పెంచింది నువ్వేగా" అన్నాడు. ఆ పూట ఆయన కంచం కూడా గట్టిగానే పెట్టాను.

ఆ తర్వాత నేనూ తమ్ముడూ మాటలు మానేశాం. అన్నానికి మాత్రం వస్తూనే ఉన్నాడు. "బావా, ఆ నీళ్ళు కాస్త ఇవ్వమని చెప్పు" అని వాడు, "ఎదురుగానే ఉన్నాయని చెప్పండి" అని నేను. మధ్యలో మా ఆయన అడకత్తెరలో పోకచెక్క.

నిబంధనలు ఖాయం చేసేముందు, అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోమని నగర కార్యాలయం వాళ్ళు సభ పెట్టారు. నేనూ మాట్లాడతానని చీటీ రాసిచ్చి, ముందు వరుసలో కూర్చున్నాను. వేదిక మీద ఓ పెద్ద మేడమ్, ఆవిడ పక్కనే కాగితాల కట్టతో మా వాడు. నన్ను చూడగానే వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వెనక మా వీధివాళ్ళే సగం హాలు నిండా ఉన్నారు. రోజూ నా టార్పాలిన్ కింద నిలబడేవాళ్ళు.

నా కళ్ళ సంగతి అంతమందిలో చెప్పుకోవడం నాకిష్టం లేదు. చేతివృత్తి మాటే ఎత్తాను.

"చొక్కాకి గుండీలు ఎలా కుడతారో మీకు తెలీదు. అంచు దగ్గర మొదలుపెట్టి సమానంగా కొలుచుకుంటూ పోతే ఛాతీ దగ్గర నోరు తెరుచుకుంటుంది. ముందు గుడ్డ ఎక్కడ బిగుసుకుంటుందో అక్కడ ఒక గుండీ పెట్టాలి. అక్కణ్ణుంచి పైకీ కిందికీ కొలుచుకోవాలి. వీధయినా అంతే. స్థలం అంచు నుంచి టేపు పట్టి చుక్కలు పెడితే ఎవరికి లాభం?"

హాల్లో చప్పట్లు మోగాయి. పెద్ద మేడమ్ నవ్వుతూ ఏదో రాసుకుంది. నాకు గాల్లో తేలినట్టుంది. చుక్కలన్నీ చెరిపేస్తారు, నా కిటికీ నాకు మిగులుతుందనుకున్నాను.

"బాగా చెప్పారమ్మా. అలాగే మారుద్దాం. మరి మీ వీధిలో బిగుసుకునే చోటు, అంటే ముందు చెట్టు కావలసిన చోటు, ఏది?" అని అడిగింది మేడమ్.

నోరు తెరిచాను. ఎక్కడో ఓ చోటు చెప్పేయొచ్చు. మూల మలుపనో, మందుల కొట్టనో. కానీ గడప మీద కూలబడిన ఆ పిల్ల నా వెనక మూడో వరుసలోనే కూర్చుని ఉంది, ఇప్పుడు నడిచే బిడ్డతో. వేదిక మీద మా వాడు తల వంచుకుని కాగితాలు సర్దుతున్నాడు. జవాబు వాడికి తెలుసు. వాడికి గుండీలు కుట్టడం నేర్పింది నేనేగా. అయినా పెదవి విప్పలేదు, వెధవ. నన్నే చెప్పనిచ్చాడు.

"బస్సు ఆగేచోటు. మా కొట్టు ముందే" అన్నాను.

ఇంటికెలా వచ్చానో నాకే తెలియదు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, పైగా కొలతలతో సహా. మిషను ముందు కూర్చుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే కళ్ళకు మంచిది కాదని అదీ ఆపుకున్నాను.

సాయంత్రం ఇంకా పొద్దుండగానే తమ్ముడు వచ్చాడు. బావతో మాట కలపలేదు. నేరుగా నా దగ్గరకే వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు అబద్ధం చెబుతావేమో అనుకున్నానక్కా."

"నేనూ అనుకున్నాన్రా."

వాడు లేచి బయటికి వెళ్ళి టార్పాలిన్ తాళ్ళు విప్పి పైకి చుట్టాడు. కొట్టంతా ఒక్కసారిగా వెలుతురు పడింది. బల్ల మీద నల్ల గుడ్డ పోగు పోగునా కనబడింది. ఎన్నేళ్ళయిందో దాన్ని అలా చూసి.

"నీ వెలుతురు తింటున్నది ఇది. నిటారుగా ఎదిగే చెట్టు పెట్టి, మొదటి కొమ్మ కిటికీకి బాగా పైన ఉండేలా పెంచితే నీడ వాళ్ళ మీద పడుతుంది, వెలుతురు నీ మీద పడుతుంది. కొట్ల ముందు అలాంటివే నాటాలని నిబంధన పెట్టాను. ఆ రోజు చెప్పబోయింది ఇదే."

"మరి చెప్పొచ్చుగా!"

"నువ్వు ముక్కు తుడిచిన దగ్గర్నుంచీ మొదలుపెట్టావు. నాకెక్కడ సందు దొరికింది?"

వెనక మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు. నా బాధ వెలుతురు కోసమని వీడికెలా తెలుసు? ఆ దగ్గులోనే నాకు అర్థమైంది, ఆయన ఒట్టు గట్టున పెట్టేశాడని. తమ్ముడికి నా కళ్ళ సంగతి తెలుసు. అప్పుడిక నాలోపల ఉన్నది నోటికి వచ్చేసింది.

"అది ఎదగడానికి ఎన్నేళ్ళు పడుతుందిరా? అందాకా ఆ టార్పాలిన్ దించే ఉంచాలి. వాళ్ళని ఎండలో నిలబెట్టలేను. చెట్టు పైకొచ్చేసరికి నా కళ్ళుండాలిగా. నాకు భయంగా ఉందిరా."

దానికి వాడి దగ్గర ఏ నిబంధనా లేదు. బయటికెళ్ళి, బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ముసలాళ్ళ నెత్తిన మళ్ళీ టార్పాలిన్ దించి కట్టాడు. లోపలికొచ్చి, గుండీలకని ఆగిపోయిన నల్ల చొక్కాల దొంతర తన ఒళ్ళోకి లాక్కున్నాడు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించాడు.

"ఆఫీసు నుంచి రోజూ ఇటే వస్తాను. నల్లవన్నీ నావి" అన్నాడు.

ముందు ఛాతీ దగ్గరే పెట్టాడు. నేర్పినదేదీ మర్చిపోలేదు. సుద్దముక్క తీసుకుని ఫుట్‌పాత్ మీదకు వెళ్ళి, నా కిటికీకి సరిగ్గా ఎదురుగా, నీడ కావలసిన చోట పెద్ద గుర్తు పెట్టాను. మర్నాడు గోతులకు కొలతలు తీయడానికొచ్చినవాళ్ళు ఇది ఎవరు గీశారని అడిగితే, నేనేనన్నాను.

ఆ మొక్క ఇప్పుడు నా భుజం దాటింది. నీడ ఇంకా అరచేతంతే. పొద్దున్నే దానికి నీళ్ళు పోసేది నేనే, దాని ఎత్తు టేపుతో కొలిచి మా ఆయనకు చెప్పేదీ నేనే. టార్పాలిన్ ఇంకా దించే ఉంది. నా చూపు పోయిన ఏడాది ఉన్నట్టు లేదు. తమ్ముడు మాత్రం సాయంత్రం కాగానే స్టూలు లాక్కుని కూర్చుంటాడు. గుండీ కుట్టడం అవగానే, చిన్నప్పటిలాగే, దారాన్ని పంటితో కొరుకుతాడు. అది నాకు కనబడదు కానీ వినబడుతుంది.

"కత్తెర ఉందిరా" అంటూ వీపు మీద ఒకటి వేస్తాను. తగిలేదాకా కదలకుండా కూర్చుంటాడు.