అమ్మ చెప్పు

...లేదా చిట్టి అన్నది పిలుపే కావచ్చు. పిలుపైతే "అమ్మా" అని దీర్ఘం ఉండాలి. కానీ చిట్టికి రెండేళ్లు నిండలేదు, దీర్ఘాలు ఇంకా నిలవవు. "అమ్మ చెప్పు" అంటే అమ్మ కాలి చెప్పా? అమ్మా, నువ్వు చెప్పు అనా? సాయంత్రాలు కథలు చెప్పింది ఆమే కదా.

పరాయి పిల్లలైతే ఇట్టే తేల్చేవాడు. పసివాళ్ల మాటల రికార్డింగులు విని, ఏ మాట ఏ మాటతో జతకడుతోందో గుర్తులు పెట్టడమే అతని ఉద్యోగం. రెండు మాటలు పక్కపక్కన పడితే చాలదు, మూడోది వచ్చి ఎక్కడ దూరుతుందో చూస్తేనే వాటి చుట్టరికం బయటపడుతుంది. సొంత కూతురి దగ్గరే చెవులు మొద్దుబారాయి. భార్య పోయాక "అమ్మ" అన్న మాట అతని నోట రాలేదు. ఇంట్లో ఆ మాట అనేది చిట్టి ఒక్కతే.

అత్తగారికి అనుమానమే లేదు. పోయిన తన కూతురి చెప్పు ఒకటి అలమర కింద నుంచి తీసి, దుమ్ము తుడిచి పిల్ల చేతికిచ్చింది. చిట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి, కింద పెట్టేసి, మళ్లీ అదే మాట అంది.

"ఊళ్లో పిల్లల మాటలన్నీ విడదీస్తావు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు నాయనా," అంది అత్తగారు. నవ్వబోయి, నవ్వు రాక మొహం తిప్పుకుంది.

అతను నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు. అది పిలుపే అయితే పలికేదెవరు? చెప్పే అయితే బాగుండు, చెప్పు దొరుకుతుంది. అలా కోరుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

చిట్టి వచ్చి అతని మోకాళ్ల మధ్య దూరింది. గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"అమ్మ కథ చెప్పు."

మూడో మాట వచ్చేసింది. సరిగ్గా మధ్యలోకే వచ్చింది. చెప్పు ఇక కాలికి తొడిగేది కాదు. అయినా ముడి వీడలేదు. అమ్మా, కథ చెప్పు అని లేని మనిషిని అడుగుతోందా? లేక అమ్మ కథ నువ్వు చెప్పమంటోందా? ఆఫీసులో అయితే రెండు గుర్తులూ పెట్టి వదిలేసేవాడు. పిల్ల మాత్రం తలుపు వైపు చూడలేదు, చెప్పు వైపు చూడలేదు. అతని పెదవులనే చూస్తోంది.

అత్తగారు గుమ్మంలో ఆగిపోయింది.

చేతిలోని చిన్న గౌను ఒళ్లో పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

"మీ అమ్మ..." అన్నాడు.